షికోకు కొండదారిలో ‘ఒరేయ్’

మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తయినది వాటర్ ట్యాంకు. దాని మీదికెక్కి చూస్తే నాలుగు దిక్కులా చదునైన నల్లరేగడి, మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో మేజరు కాలవ. అరవై దాటేవరకు ఆ చదును మీదే తిరిగిన ఇద్దరం, నేనూ నా స్నేహితుడూ, ఈమధ్య జపాను వెళ్లి షికోకు అనే దీవిలో కొండదారి పట్టి నడిచాం. వెయ్యేళ్లకు పైగా యాత్రికులు నడుస్తున్న దారి అది. దీవి చుట్టూ గుళ్లు, గుడికీ గుడికీ మధ్య పల్లెలు, వరిమళ్లు, కొండలు. మొత్తం నడవాలంటే నెలన్నర పడుతుందట. మేం నడిచింది మొదటి ముక్క మాత్రమే. ఆ ముక్క గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ కూర్చుని చెప్పలేను, లేచి నిలబడతాను.

నేను యాత్రకు వెళ్లానంటే మా హేతువాద మిత్రులు నమ్మలేదు. “నువ్వా? గుండు కూడా కొట్టించుకొచ్చావా?” అని ఒకాయన ఫోన్లోనే దులిపేశాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. నేను మొక్కు తీర్చుకోవడానికి వెళ్లలేదు, సాక్ష్యం చెప్పడానికి వెళ్లాను.

నా స్నేహితుడు రైతు. బడిలో మాది ఒకే బెంచీ. దేవుడు లేడని నేను ఊరూరా ఉపన్యాసాలిచ్చే రోజుల్లో అతను ముందు వరసలో కూర్చుని, నేను ముగించగానే లేచి, “మరి విత్తనంలో మొక్కని ఎవడు పెట్టాడ్రా?” అని అడిగేవాడు. ప్రతి శివరాత్రికీ అతను ఘాట్ రోడ్డు బస్సెక్కి కోటప్పకొండ వెళ్తాడు. ప్రతి శివరాత్రికీ నేను అతనితో పోట్లాడతాను. కిందటేడు మోకాలు అరిగిపోయి గుంటూరులో ఆపరేషన్ చేయించుకున్నాడు. కొన్నాళ్లు చేలోకి దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కట్లు విప్పీ విప్పకముందే మిరప చేలో నీళ్లు కట్టడానికి వెళ్లిపోయాడు. మోకాలు బూరెలా పొంగింది. మళ్లీ ఆస్పత్రి, మళ్లీ మంచం, మళ్లీ చేను. కాయ కోసి, కళ్లంలో ఎండబెట్టి, మిర్చి యార్డుకు తోలేసరికి వాళ్లావిడ ఓపిక కూడా అయిపోయింది.

“ఈ ఏడు చేను మొత్తం కౌలుకిచ్చేద్దాం,” అంది.

అతను మంచం మీద నుంచి దిగ్గున లేచాడు. తెల్లారి లేచి చేలోకి వెళ్లని రైతు మా వైపు ఏమవుతాడో అతనికి తెలుసు. టీకొట్టు ముందు బల్లకి ఐదో కాలవుతాడు. వచ్చేపోయే బస్సులు చూస్తూ, ఎవడి చేలో ఏం తెగులొచ్చిందో చెప్పుకుంటూ ముసలివాడైపోతాడు. అతనికి చేను లేకపోతే పొద్దు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న వాళ్లమ్మాయి అమ్మానాన్నల్ని రమ్మని పిలిచింది. చూడదగ్గ చోట్లంటూ ఫొటోలు పంపింది. వాటిలో ఈ యాత్ర దారి ఉంది. ఆ దారిలో ఒక కొండ ఉంది. దాని ఎక్కుడుకి జపాను వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం ‘యాత్రికులు దొర్లే చోటు’ అని ఆ పిల్ల కింద రాసింది. నా స్నేహితుడు ఆ ఫొటోను భార్య మొహం ముందు పెట్టాడు.

“ఈ కొండ ఎక్కొస్తా. ఎక్కితే చేను నాది. ఎక్కలేకపోతే నీ ఇష్టమొచ్చినవాడికి ఇచ్చుకో.”

ఆవిడ ఫొటోను చూసింది. అతన్ని చూసింది. తర్వాత, అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్న నా వైపు తిరిగింది. “గేదెల్ని వదిలి నేను రాలేను. అన్నయ్యగారూ, మీరు వెళ్లండి. ఈయన ఎక్కకుండానే ఎక్కానంటాడు. మీరు దేవుడి మీద ఒట్టెయ్యరు గానీ అబద్ధం ఆడరు. మీరు చెబితేనే నమ్ముతాను.”

జీవితంలో నాకు చాలా తిట్లు పడ్డాయి, కొన్ని శాలువాలూ పడ్డాయి. వాటన్నిటినీ కలిపి తూచినా ఈ మాటంత బరువు తూగవు. సరేనన్నాను.

వెళ్లేముందు పొద్దున్నే మేజరు కట్ట మీద నడక మొదలుపెట్టాం. కట్ట మీద ఎత్తెక్కడుంది? అందుకని వాటర్ ట్యాంకు మెట్లెక్కి దిగేవాళ్లం. “ఏరా, కుళాయిలో నీళ్లు రావట్లేదా, పైకెళ్లి తాగుతున్నారు?” అని పాలకేంద్రం దగ్గర జనం ఎగతాళి చేసేవాళ్లు.

అమ్మాయికి సెలవు దొరక్క మా ఇద్దర్నే బస్సెక్కించింది. షికోకులో దిగాక మొదటి గుడి దగ్గర యాత్రికుల సామాను అమ్మే కొట్టుంది. తెల్ల అంగీ, గడ్డితో అల్లిన గొడుగులాంటి టోపీ, చేతికర్ర, సంచికి కట్టుకునే చిన్న గంట. నా స్నేహితుడు అన్నీ తగిలించుకుని పెళ్లికొడుకులా బయటికొచ్చాడు. తెల్ల అంగీ ఎందుకంటే, పూర్వం దారిలో చచ్చిపోతే దానితోనే పూడ్చేవాళ్లట. నేను అంగీ వేసుకోనన్నాను. టోపీ, కర్ర మాత్రం తీసుకున్నాను. ఎండకు టోపీ, కొండకు కర్ర, వీటిలో దేవుడి ప్రసక్తి ఏముంది?

“మూఢనమ్మకం తలకెక్కిందిరా నీకు,” అని అతను నా టోపీ మీద ఒక్కటిచ్చాడు.

ఎంత బాగుందో ఆ నడక! దారి పొడుగునా రాళ్ల మీద ఎర్రరంగుతో చెయ్యి బొమ్మ గీసి ఉంటుంది. ఆ వేలు ఎటు చూపిస్తే అటు నడవడమే. వరిమళ్లలో అప్పుడే నీళ్లు పెడుతున్నారు. ఇళ్ల ముందు చెర్రీ రేకలు తడిసి రోడ్డుకు అంటుకుపోయి ఉన్నాయి. గుంటూరు ఎండలో ఏప్రిల్లో గొంతు ఎండి నడిచినవాణ్ని, చల్లగాలిలో నడుస్తూ ఉంటే పాతికేళ్లవాడిలా పరుగెత్తాలనిపించింది. మోకాలు బాగుచేయించుకున్నవాడు నాకంటే ముందు పోతుంటే, వెనక నుంచి “ఒరేయ్, ఆగరా!” అని అరుస్తూ పోయాను. దారిలో ఎదురైనవాళ్లు నా అరుపు విని చిత్రంగా నవ్వి తలలు వంచేవాళ్లు. మర్యాద గల దేశం అనుకున్నాను.

ఒక వంతెన దగ్గర మా ఇద్దరికీ మొదటి యుద్ధం జరిగింది. ఆ దారిలో వంతెన దాటేటప్పుడు చేతికర్రను నేలకు తాకించకూడదు. ఎప్పుడో ఆ దారి నడిచిన సన్యాసి ఒకాయన, పడుకోవడానికి ఎవరూ చోటివ్వక, వంతెన కింద పడుకున్నాడట. ఇప్పటికీ ఏ వంతెన కింద నిద్రపోతుంటాడో తెలియదు కాబట్టి చప్పుడు చెయ్యకూడదట. అమ్మాయి ఈ కథ చెప్పినప్పటి నుంచీ నేను వంతెన కోసం ఎదురుచూస్తున్నాను. రాగానే కర్రతో టకటకా కొట్టుకుంటూ నడిచాను.

“ఒరేయ్! ఆయన నిద్ర చెడుతుందిరా!”

“చచ్చినవాడికి నిద్రేంట్రా?”

“బతికున్నప్పుడు పడుకోనివ్వలేదనే కదరా ఈ బాధంతా! ఊరంతా తలుపులేసుకుంటే వంతెన కింద ముడుచుకున్నాడు. ఆ సిగ్గు మర్చిపోకూడదని కర్ర ఎత్తుతున్నారు. ఇంత చదువుకున్నావు, ఇది తట్టలేదా?”

సగం వంతెన దాటాక ఆగాను. అతని వైపు తిరిగి అన్నాను. “సిగ్గు పోవాలంటే కర్ర ఎత్తితే చాలదురా, తలుపు తియ్యాలి.”

“తీస్తున్నారుగా! నిన్నటి నుంచి చూట్టంలేదా నువ్వు?”

అది నిజం. యాత్రికుడు కనబడితే ఏదో ఒకటి చేతిలో పెట్టడం ఆ పల్లెల అలవాటు. ఒకావిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి వేడి టీ ఇచ్చింది. ఒక మంగలాయన సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి వచ్చి మా జేబుల్లో బిస్కట్లు కుక్కాడు. మీరు ఏ దేవుణ్ని నమ్ముతారని ఎవరూ అడగలేదు. అసలు నమ్ముతారా అని కూడా అడగలేదు. ఇక మా వైపు కొత్తమనిషికి మంచినీళ్లిచ్చే ముందు ఇల్లిల్లూ వేసే ప్రశ్న, ‘మీరేవిటోళ్లు?’ అన్నది, ఆ దారిలో ఎవరి నోటా రాలేదు. కులం అడగని అన్నం కోసం ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! అదిక్కడ ఒక యాత్ర దారిలో, గుళ్ల మధ్య, బిస్కట్ల రూపంలో నా జేబులో పడింది. గుడిలో దేవుడున్నాడని నేను ఒప్పుకోను. ఆ దారిలో మనుషులున్నారని మాత్రం ఎక్కడైనా, ఏ మైకు ముందైనా ఒప్పుకుంటాను.

దొర్లే చోటు దగ్గరికి చేరుకున్నాక మా మాటలు తగ్గాయి. పెద్దపెద్ద దేవదారు చెట్లు, వాటి కింద చీకటి, వేళ్లనే మెట్లుగా చేసుకుని నిలువుగా పోయే దారి. చదును నేల మీద పుట్టినవాడికి కొండ అంటే ఏమిటో కాళ్లకు తెలియదు, కంటికే తెలుసు. పది అడుగులు వేసి చెట్టు పట్టుకోవడం, పది అడుగులు వేసి చెట్టు పట్టుకోవడం. నా స్నేహితుడు మాత్రం పళ్లు బిగించి, “రారా, సాక్షీ, రా!” అంటూ పైకి పోతున్నాడు. మూడు ఎక్కుళ్లలో మొదటిది ఎక్కేశాడు. రెండోది కూడా ఎక్కేశాడు. శిఖరం మీద నుంచి చూస్తే కింద నది, దాని పక్కన పంటపొలాలు. మా ఇద్దరికీ ఒళ్లు తెలియలేదు. ఈలలు వేశాం. ఇంతెత్తు నుంచి పొలాలు చూడటం మాకదే మొదటిసారి.

ఆ శిఖరం దిగితే లోయలో ఒక చిన్న పల్లె ఉంది. అక్కడికి తారురోడ్డు వస్తుంది. ఆఖరి ఎక్కుడు, అన్నిటికంటే నిలువైనది, ఆ పల్లె నుంచే మొదలవుతుంది. దిగేటప్పుడే అతను కుంటడం చూశాను. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి శత్రువు. పల్లె చివర రాతి మెట్టు మీద కూలబడి ప్యాంటు పైకి లాగాడు. మోకాలు ఎర్రగా వాచి ఉంది. చెయ్యి పెడితే కాలింది.

“ఇక్కడితో ఆపుదాంరా,” అన్నాను.

“ఆపితే కౌలే.”

“ఎక్కితే మళ్లీ ఆస్పత్రే.”

అతను పైనున్న కొండను చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహం చూడకుండా అన్నాడు. “ఒరేయ్, ఎక్కానని చెప్పరా. నువ్వు చెబితే నమ్ముతుంది.”

“చెప్పను.”

“ఒరేయ్, ఒక్క అబద్ధంరా!”

“ఒరేయ్, ఆడననే కదరా నన్ను పంపించింది!”

“ఒరేయ్, నీ సిద్ధాంతానికి నా చేను బలవ్వాలా?”

“ఒరేయ్, నీ చేను కోసం ఆ తల్లిని నేను మోసం చెయ్యాలా?”

మిర్చి యార్డులో వేలంపాట మధ్య కూడా పక్కవాడికి వినబడేలా మాట్లాడటం నేర్చిన గొంతులు మావి. లోయ మొత్తం ఒరేయ్ ఒరేయ్ అని తిరిగి చెప్పింది. ఇద్దరం నిలబడి, కర్రలు ఊపుకుంటూ, చిన్ననాటి తిట్లన్నీ బయటికి తీశాం. అతని చేను ఒకవైపు, నా మాట ఒకవైపు. ఎవడూ తగ్గలేదు.

అప్పుడు పై మడి నుంచి ఒక ముసలావిడ దిగొచ్చింది. ఎనభై ఎప్పుడో దాటి ఉంటాయి. నడుము సగానికి వంగి ఉంది. అరచేతుల్లో రెండు పెద్ద నారింజలున్నాయి. మేం తిట్టుకోవడం ఆపలేదు కాబట్టి మా మధ్యకే వచ్చి నిలబడింది. పండు ఒకటి అతని చేతిలో, ఒకటి నా చేతిలో పెట్టి, మొహం నిండా నవ్వుతూ స్పష్టంగా అంది.

“ఒరే నాంకా...”

తర్వాత ఇంకేదో అంది. అది మాకు అర్థం కాలేదు. మొదటి ముక్క మాత్రం ఇద్దరికీ ఒకటే వినబడింది. ఒరేయ్ నాన్నా.

నా స్నేహితుడి చేతిలోంచి కర్ర జారిపోయింది. “విన్నావా? ఒరేయ్ నాన్నా అంది! మా అమ్మ అచ్చం ఇట్టాగే పిలిచేదిరా! తెలుగురా అది! ఇక్కడ, ఈ కొండల్లో, మా అమ్మ...” కళ్లు నిండిపోయాయి. “ఎక్కమంటోందిరా. నేనెక్కుతా.” వాచిన కాలు మీద లేవబోయాడు.

జీవితమంతా మహిమల గుట్టు విప్పినవాణ్ని. బాబాల విబూది, ఏడ్చే విగ్రహాలు, ఎన్నో చూశాను. ఒక్కటీ నన్ను కదిలించలేదు. ఈసారి మాత్రం నా చెవులతో నేనే విన్నాను, ఒళ్లు జలదరించింది. అలా జలదరించినప్పుడే మనిషి పరీక్ష చెయ్యాలి. ఫోను తీసి, మాటను తెలుగులోకి మార్చే యాప్ తెరిచి, ఆవిడ ముందు పెట్టి మళ్లీ చెప్పమని సైగ చేశాను. ఆవిడ సంతోషంగా చెప్పింది. తెర మీద తెలుగు వచ్చింది.

‘కృతజ్ఞతలు వంటివి అవసరం లేదు.’

నమ్మలేక నేనే ఫోన్లో “ఒరే” అన్నాను. ‘కృతజ్ఞతలు’ అని వచ్చింది. మళ్లీ అన్నాను. మళ్లీ అదే. ఒరేయ్ అంటే ఆ దేశంలో కృతజ్ఞత! ముసలావిడ ఇంకేదో చెప్పి పగలబడి నవ్వింది. ఫోను దాన్నీ అనువదించింది. ‘ఒకరికొకరు ఇంత గట్టిగా కృతజ్ఞతలు చెప్పుకునే మనుషులను నేను ఎన్నడూ చూడలేదు.’

ఇది అతనికి చెప్పాలా వద్దా? చెప్పకపోతే అతను అమ్మ పిలిచిందన్న ఊపులో కొండ ఎక్కేస్తాడేమో. ఎక్కితే చేను దక్కుతుంది, నేను అబద్ధం ఆడక్కర్లేదు. ఎంత సులువు! మహిమలన్నీ ఇంత సులువుగానే పుడతాయి, పక్కనున్నవాడు నోరు మూసుకుంటే చాలు. ఒక్క శ్వాస పాటు నేనూ మూసుకున్నాను. తర్వాత ఫోను అతని ముందు పెట్టాను.

చదివాడు. మళ్లీ చదివాడు. మొహం వాడిపోయింది. ఇంతలో అతని పొట్ట కదలడం మొదలైంది. నవ్వు!

“అంటే, బడి నుంచీ ఇప్పటిదాకా నువ్వు నన్ను పిలిచినప్పుడల్లా...”

“ఆ.”

“దణ్ణం పెడుతున్నావన్నమాట! దేవుడికి పెట్టనివాడివి నాకు పెట్టావా?”

“నువ్వూ పెట్టావు, నాకు.”

మెట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ముసలావిడ కూడా కూర్చుని నవ్వింది. నారింజలు ఒలుచుకు తిన్నాం. పుల్లగా, చల్లగా, దవడలు లాగేసేలా ఉన్నాయి. ఆవిడ కాసేపటికి తన మడికి వెళ్లిపోయింది. ఒక సాలు గడ్డి తీసి చెక్కపెట్టె మీద కూర్చుంది. లేచి ఇంకో సాలు తీసి మళ్లీ కూర్చుంది. నా స్నేహితుడు నమలడం ఆపి ఆమెనే చూస్తున్నాడు.

“ఈవిడకి కొండెక్కే పరీక్ష ఎవరు పెట్టార్రా?” అన్నాడు.

“నీకు మాత్రం ఎవరు పెట్టారు? నువ్వే పెట్టుకున్నావు. నీ చేలో కొండుందా? చదును నేల దున్నడానికి కొండెక్కి నిరూపించుకోవడమేంట్రా? ఇదీ మూఢనమ్మకమే.”

ఈసారి అతను వాదించలేదు. ఆఖరి ఎక్కుడును ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు, చేలో తెగులు చూసినట్టు, ప్రేమా కోపమూ లేకుండా. “ఎక్కనురా. ఎక్కితే వచ్చే పంటకి కూడా లేవను. ఫోన్ చెయ్యి, ఉన్నదున్నట్టు చెప్పెయ్.”

వీడియో కాల్ చేశాను. ఆవిడ అప్పుడే పాలు పితికి లేచినట్టుంది, వెనకాల గేదె అరుస్తోంది. “చెల్లెమ్మా, ఎక్కలేదు,” అన్నాను. “రెండు ఎక్కుళ్లు ఎక్కాడు. మోకాలు వాచింది. ఆగిపోయాం.”

ఆవిడ ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. “ఎవరాపారు?”

“నేను ఆగమంటే తిట్టాడు. తర్వాత తనే ఆగాడు.”

“తనే? మా ఆయనేనా? ఏదీ, చూపించండి.”

ఫోను అతని వైపు తిప్పాను. ప్యాంటు పైకి లాక్కుని, కాలు చాపుకుని, నోట్లో నారింజ తొనతో దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. ఆవిడ అతని మోకాలు చూసింది.

“నేను కౌలుకిద్దామన్నది మీరు నడవలేరని కాదండీ,” అంది. “ఆగలేరని. ఒళ్లు చెబుతుంటే వినే మనిషైతే నాకెందుకు భయం?”

అతని నోట్లో తొన అలాగే ఉండిపోయింది.

“కాలవ పక్క రెండెకరాలు మీరుంచుకోండి. మిగతాది కౌలుకి.”

“మూడు!”

“రెండు.”

“రెండున్నర. ఆ అర్ధెకరం బెండకాయ వేస్తానే, నీకు ఇష్టం కదా!”

“నాకు బెండకాయ ఇష్టమని ఇన్నేళ్లకి తెలిసిందా? సరే, రెండున్నర. వాచిందంటే ఇంటికొచ్చెయ్యాలి. అన్నయ్యగారూ, సాక్షి మీరే.”

అతను లేచి నిలబడి, టోపీ గాల్లోకి విసిరి అరిచిన అరుపుకి పై మడిలో ముసలావిడ కూడా చేతులెత్తి ఏదో అరిచింది.

కారు పిలుద్దామా అంటే వద్దన్నాడు. తారురోడ్డు మీద మెల్లగా దిగుదామన్నాడు. మొదటి మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆగాడు.

“ఏమైందిరా? నొప్పా?”

“నొప్పి లేదు. ఆగానంతే. ఫొటో తీసి పంపు.”

తీసి పంపాను. రెండో మలుపులో ఆగాడు, ఫొటో. ఒక చిన్న గుడి ముందు ఆగాడు, ఫొటో. ఎర్రగుడ్డ కట్టిన రాతిబొమ్మ పక్కన, టీ తోట గట్టు మీద, పాల ప్యాకెట్లమ్మే మిషను ముందు, ఎక్కడ పడితే అక్కడ చేతులు కట్టుకుని, కదలకుండా, అంత గర్వంగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. నది కనబడేసరికి నా ఫోన్లో ఛార్జింగు కూడా అడుగంటింది. అప్పుడు ఆవిడ దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇద్దరం తలలు దగ్గర పెట్టి విన్నాం.

“చాల్లెండి అన్నయ్యగారూ. ఇక నడవమనండి.”